అమ్మ గొంతుతో డ్రాగన్

నిన్న మా పాప టీవీలో పాత యానిమేషన్ సినిమా పెట్టుకుంది. హాల్లోంచి అమ్మ గొంతు వినబడేసరికి వంటింట్లో నా చేతిలో గరిటె ఆగిపోయింది.

అమ్మ మద్రాసు కోడంబాక్కంలో సినిమాలకు డబ్బింగ్ చెప్పేది. నా చిన్నప్పుడు ఒక ఇంగ్లీషు నవల తెచ్చి, రోజూ అన్నాలయ్యాక దాన్ని మా ఇంటి తెలుగులోకి మార్చి వినిపించేది. అందులో ముసలి డ్రాగన్ తప్పిపోయిన పిల్లతో, "ఈడకి రా పాపా, నేనుండాను గదా" అనేది. నా ఊహలో అది కారునలుపు, మా వీధంత పొడవు.

ఆ నవల సినిమాగా వస్తే అమ్మ నన్ను మౌంట్ రోడ్డులోని థియేటర్‌కి తీసుకెళ్ళింది. తెర మీద డ్రాగన్ నీలంగా ఉంది.

"ఇది మన డ్రాగన్ కాదుమా," అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"కొంచెం ఉండు," అంది అమ్మ.

అంతలో డ్రాగన్ నోరు తెరిచింది. "ఇక్కడికి రా పాపా, నేనున్నాను కదా." మాటలు సినిమా తెలుగులో ఉన్నా, హాలంతా నిండింది అమ్మ గొంతే. పక్కకు తిరిగితే అమ్మ పెదవులు మూసుకునే ఉన్నాయి. డ్రాగన్ అమ్మ గొంతు తీసేసుకుందనుకున్నాను.

"అమ్మా, ఏదన్నా మాట్లాడు," అన్నాను చెయ్యి పట్టుకుని.

అమ్మ నా చెవి దగ్గరకు వంగింది. "ఈడనే ఉండాను. అదీ నేనే."

తెర వైపూ అమ్మ వైపూ మార్చి మార్చి చూశాను. అంత పెద్ద డ్రాగన్ మా అమ్మలో ఎక్కడ పట్టిందో అర్థం కాలేదు.

ఆ పూట అమ్మ సినిమా చూడనే లేదు. మొదటినుంచీ నా ముఖమే చూస్తూ కూర్చుంది. అది నాకు పెద్దయ్యాకే తట్టింది.