మేకుకు వేలాడిన వైరు

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే లేచిపోయే రకం నేను. నిజామాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేస్తాను. మిషన్ ఆగితే కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇప్పటికీ నా నమ్మకం అదే. అందుకే ఈ సంగతి తలుచుకుంటే భయం వేయదు, ఒళ్లు మండుతుంది.

బోధన్ దగ్గర ఒక చెరుకు కాంటా ఉంది. రైతుల వివరాలన్నీ అక్కడి సర్వర్‌లో ఉంటాయి. దాన్ని చూసుకునే ప్రభుదాస్ అన్న వానాకాలంలో చనిపోయాడు. గేటు ముందు బండి ఆగితే అన్నం కూడా ముట్టని మనిషి. ఆయన స్థానంలో ఇంకొకరిని పెట్టకుండా, నిజామాబాద్ నుంచే పని నడపాలని మేనేజరు పట్టుబట్టాడు. నేనే వెళ్లి, బయటి నుంచి ఆ సర్వర్ అందేలా దారి తెరిచి, నా కంప్యూటర్‌కు మాత్రమే అనుమతి ఇచ్చి వచ్చాను.

ఒక పొద్దున సర్వర్ పలకలేదు. పాస్‌వర్డ్ చూశాను, ఫైర్‌వాల్ చూశాను. నా వైపు అన్నీ సరిగానే ఉన్నాయి. వాచ్‌మన్‌కు ఫోన్ చేస్తే అసలు సంగతి బయటపడింది. ఒకసారి పిడుగుకు మిషన్ కాలినప్పటి నుంచి ప్రభుదాస్ అన్న సాయంత్రం పూట నెట్ వైరు పీకి గోడ మేకుకు తగిలించేవాడు. ముందురోజు మబ్బు పట్టిందని వాచ్‌మన్ కూడా అలాగే చేశాడు. పొద్దున మళ్లీ పెట్టేలోపే మేనేజరు ఆ గదికి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని నాందేడ్‌లో పెళ్లికి పోయాడు.

తాళం పగలగొట్టిస్తానని మేనేజరుకు ఫోన్ చేశాను.

"తాళం జోలికి పోవద్దు. ఇంజినీరువు గదా, నువ్వున్న కాడికెల్లే జెయ్యి" అని పెట్టేశాడు.

వైరు లేని మిషన్‌కు ఇక్కడ కూర్చుని మంత్రం వేయాలా?

అక్కడ కాంటా గేటు ముందు చందూర్ నుంచి వచ్చిన గంగామణి అక్క ట్రాక్టర్ ఆగి ఉంది. సర్వర్ నుంచి చీటీ రానిదే బండి లోపలికి పోదు. నేను వాచ్‌మన్‌కు మళ్లీ ఫోన్ చేస్తే, ఆమె అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"చెరుకు కొట్టి రెండు దినాలాయె, అన్నా. ఎండుతున్నది. ప్రభుదాస్ అన్న ఉంటే గిట్ల నిలవెడుతుండెనా?"

కోపం కొద్దీ కనెక్ట్ బటన్ మళ్లీ నొక్కాను. సర్వర్ కలిసింది.

వాళ్లే తాళం పగలగొట్టారనుకుని లోలోపల మెచ్చుకున్నాను. గేటు దగ్గర చీటీ వచ్చింది, అక్క బండి లోపలికి పోయింది. తర్వాత వాచ్‌మన్ ఫోన్ చేసి, తాళం అలాగే ఉంది, ఎట్లా చేశావని నన్నే అడిగాడు.

వెంటనే బస్సెక్కాను. సాయంత్రం మేనేజరు వచ్చి అందరి ముందే తాళం తీశాడు. వైరు మేకుకే వేలాడుతోంది. సర్వర్ వెనక టార్చి వేసి చూశాను. వైరు పెట్టే చోటు ఖాళీ. ఆ గదికి ఇంకో లైను లేదు, వైఫై లేదు, కిటికీ కూడా లేదు.

మేనేజరు నవ్వాడు. "చూసినవా, మనిషే అక్కర్లేదు."

వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

ఆ రోజు పని ఎలా నడిచిందో నాకు ఇంతవరకూ తెలియదు. మనిషి లేకుండా నడిచిందంటే మాత్రం ఒప్పుకోను.