మెలికల మాస్టారి బెల్టు

పొడుగ్గా ఉన్న వస్తువేది దొరికినా మెలిపెట్టకుండా ఉండలేకపోవడం మా ప్రయోగశాల పెద్దాయనకున్న ఒకే ఒక్క జబ్బు. అందుకే వెనకాల ఆయన్ని మెలికల మాస్టారనేవాళ్ళం. ఎదురుగా అన్నా పట్టించుకునేవారు కాదనుకోండి.

ఆయన పరిశోధన ఆర్ఎన్ఏ మీద. మన కణాల్లో ఉండే దారంలాంటి పదార్థమది. తిన్నగా ఉండలేదు, తన మీద తనే మడతపడి రకరకాల రూపాలెత్తుతుంది. సహవాసదోషం కాబోలు, మాస్టారికీ తిన్నగా ఉన్నదేదీ నచ్చేది కాదు. కొత్త డైరెక్టరుగారు మొదటి సమావేశానికి చెమటలు కక్కుతూ నిలబడితే, ఈయన వెళ్ళి టై పట్టుకున్నారు.

"ఇలా వెనక్కి తిరిగి అతుక్కుంటే జడపిన్ను. పక్కకి ఉబ్బితే బుడిపె. ఈ కొస ఇందులో దూరితే..."

"ఊపిరాడట్లేదండీ!"

"చూశారా, ఈ ముడి ఎంత గట్టిదో!"

హాలంతా గొల్లున నవ్వింది. డైరెక్టరుగారూ నవ్వేశారు.

మా దగ్గర పీహెచ్‌డీ చేసే అమ్మాయి సరిగ్గా థీసిస్ ఇవ్వాల్సిన వారంలో ఆమె ఆర్ఎన్ఏ ఎదురుతిరిగింది. జెల్ అనే జిగురు పలకలో ఒక్క గీతగా కనబడాల్సింది రెండు గీతలుగా కనబడింది. ఏదో కల్తీ కలిసిందనుకుంది. అదే నిజమైతే ఇన్నేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. స్టూలు మీద కూలబడి ఏడుపు మొదలెట్టింది.

మాస్టారు జెల్ చూశారు. చుట్టూ వెతికారు. తాడు దొరక్క సర్రున నడుం బెల్టు లాగేశారు.

"సార్, ప్యాంటు!" అన్నాను.

"అది నువ్వు పట్టుకో. అమ్మాయ్, ఇవెన్ని బెల్టులు?"

"ఒకటే సార్."

ఒకలా మడిచారు. "ఇప్పుడు?"

"ఒకటే."

విప్పి ఇంకోలా మడిచారు. "ఇప్పుడో?"

నా అవస్థ చూసి అప్పటికే ఆమెకి నవ్వాగడం లేదు. ఉన్నట్టుండి లేచి నిలబడింది. "సార్! కల్తీ కాదా? ఒకే ఆర్ఎన్ఏ రెండు రకాలుగా మడతపడిందా?"

"అయ్యుండొచ్చు. వేడిచేసి మడతలు విప్పు. మళ్ళీ సరిగ్గా మడతపడేలా కాస్త మెగ్నీషియం వేసి నెమ్మదిగా చల్లారనియ్. కల్తీ అయితే రెండు గీతలూ అలాగే ఉంటాయి."

సాయంత్రం కొత్త జెల్ తీసేటప్పుడు ముగ్గురం దాని మీదకి వంగాం. ఒక్కటే గీత! "హమ్మయ్య!" అంటూ ఆమె నేలమీదే చతికిలబడింది.

ఆయన్ని తీసుకెళ్ళడానికి వాళ్ళావిడ వచ్చారు. "ఇంట్లో తాళ్ళేవైనా మిగిలాయా అమ్మా?" అన్నాను.

ఆవిడ ఆశ్చర్యపోయారు. "ఇంట్లోనా? బట్టల తాడు కట్టమంటేనే వంద సాకులు చెబుతారు బాబూ! ఈ వేషాలన్నీ భయపడ్డవాళ్ళ దగ్గరే. ముందు నవ్విస్తే బుర్ర బిగుసుకుపోదట."

మాస్టారు దొంగలా తల దించుకున్నారు. "నువ్వూరుకో! తెలిస్తే ఇంకెవరూ నవ్వరు."

"ఎవరికీ చెప్పనులెండి," అన్నాను.

మర్నాడు పొద్దున్నే అందరికీ చెప్పేశాను. అయినా ఎవరూ నవ్వడం మానలేదు.