పిన్ని మణికట్టు

2006 ఫిబ్రవరి రెండో గురువారం, ఉదయం పదిన్నర. దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో నేనూ మా పిన్నీ పనిచేసే ఆడవాళ్ళ మసాజ్ సెంటర్లో నాకు టీచరు పరీక్ష జరిగింది అప్పుడే. మొన్న మా మనవరాలు మంచం మీద పడుకుని, ఫోన్లో వీడియోలు చూసి, ఎవరి ఒంటి మీదా చెయ్యి వెయ్యకుండానే మసాజ్ కోర్సు సర్టిఫికెట్టు సంపాదించి చూపిస్తే, ఆ గురువారం కళ్ళ ముందుకొచ్చి నాకు అన్నం సయించలేదు.

నా ఈడు వాళ్ళకు చెబితే అర్థమవుతుంది. నన్ను దుబాయ్ తీసుకెళ్ళిందీ, ఈ పని నేర్పిందీ మా పిన్నే. చేతికి తగిలింది తగిలినట్టు నోటితో చెబుతూ పోవాలనీ, అప్పుడే పక్కవాళ్ళకు పని వస్తుందనీ ఆమె పద్ధతి. కొన్నాళ్ళకు మా సెంటర్ల సంఘం వాళ్ళు, మసాజ్ చేసేవాళ్ళు ఏటా కొన్ని గంటలు మళ్ళీ నేర్చుకుంటేనే పని కార్డు ఇస్తామనీ, నేర్పేవాళ్ళకు సంఘం ఆమోదం ఉండాలనీ రూలు పెట్టారు. పిన్నికి చదువు రాదు, ఆ ఆమోదం ఆమెకు దొరకదు. నాకూ వచ్చేది కాదు గానీ, మా గదిలో ఉండే నర్సు వదిన నా నలభయ్యో ఏట నన్ను కూర్చోబెట్టి ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు దిద్దించింది. పరీక్షకు పాఠం కాగితం నా చేత్తో నేనే రాసుకున్నాను.

ఒక మనిషిని బల్ల మీద పడుకోబెట్టి నలుగురు అమ్మాయిలకు పాఠం చెప్పాలి. నా కోసం పిన్నే పడుకుంది. భుజం నుంచి కిందికి హిందీలో చెప్పుకుంటూ వచ్చి, మణికట్టు దగ్గర ఆగిపోయాను. బొటనవేలి మొదట్లో కండ కరిగిపోయింది, వేళ్ళలో పట్టు లేదు. ఆమె ఎన్నాళ్ళుగానో ఎవరికీ తెలియనివ్వకుండా మోచేత్తో పని నెట్టుకొస్తోందని అప్పుడు తెలిసింది.

“అమ్మాయ్, అది వదిలెయ్యవే. ముందుకు పోనియ్,” అంది పిన్ని తెలుగులో, బల్లకు ఆనించిన ముఖం ఎత్తకుండానే.

“క్యా మిలా?” అని, చేతికి ఏం తగిలిందో చెప్పమని అడిగింది పరీక్ష చెయ్యడానికి వచ్చిన బొంబాయి మేడం.

చెప్పేశాను. ఈ చేతిలో బలం పోయింది, దీంతో ఇక పని చెయ్యకూడదని, మేం ముదీర్ అని పిలిచే మేనేజరమ్మ వినేలాగే చెప్పాను. నిజాయితీ అని ఎవరూ మెచ్చుకోవద్దు. దాటేస్తే పరీక్ష తప్పుతానని భయం, అంతే.

నేను నెగ్గాను. ఆ నెలాఖరుకే ముదీర్ పిన్ని వీసా ఖలాస్ చేసి ఇంటికి పంపేసింది. ఎయిర్‌పోర్టులో నా చేతిలోని సంచి లాక్కుని, “ఏవే టీచరమ్మా, మొదటి పాఠం నా మీదే చెప్పావా? బాగానే చెప్పావులే, నేర్పింది నేనేగా!” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రెండేళ్ళు పాఠాలు చెప్పి నేను ఊరొచ్చేసరికి ఆమె ఈ లోకంలో లేదు.

ఇప్పుడు పాఠానికి బల్ల అక్కర్లేదు, బల్ల మీద మనిషీ అక్కర్లేదు. ఒకరి కూడు పోకుండానే మరొకరికి చదువు వస్తోంది. మంచిదే. నాకు అలా రాలేదు.

ఆ రోజు అక్కడ ఉన్నది బొంబాయి మేడం, ముదీర్, నేర్చుకోవడానికి వచ్చిన ఇద్దరు ఫిలిప్పీన్స్ పిల్లలు, ఒక మలయాళీ అమ్మాయి, ఒక శ్రీలంక అమ్మాయి, డ్యూటీ మానుకుని వచ్చి తలుపు దగ్గర నా కోసం ప్రార్థన చేస్తున్న నర్సు వదిన, బల్ల మీద మా పిన్ని, ఆమె చెయ్యి పట్టుకుని నేను.