ఆపరేషన్ చేసి తీసిండ్రు

మా ఇళ్ళల్లో కడుపుతో ఉన్న ఆడదానికి వేరే రోగం రావడానికి వీల్లేదు. తల నొచ్చినా కడుపు వల్లే, కాళ్ళు వాచినా కడుపు వల్లే. పెళ్ళైన నాలుగేళ్ళకు నిలిచిన కడుపు కాబట్టి నా విషయంలో ఈ నమ్మకం ఇంకా గట్టిది. ఐదో నెలలో, కోరుట్లలో అమ్మగారింట్లో ఉండగా, ఒకరోజు తెల్లవారేసరికి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. పొద్దెక్కుతుంటే అది కుడి పక్కకు జరిగి నన్ను రెండుగా వంచేసింది. అమ్మ ఒళ్ళో బీడీల చాట అలాగే ఉంచుకుని తీర్పు చెప్పింది.

"గ్యాస్ పట్టింది బిడ్డా. ఇంత ఓమ నములు."

వాము నమిలాను. సోడా తాగాను. రెండూ కక్కాను. నాకు మామూలుగానే కోపం ఎక్కువ. "నువ్వు గా చాట పక్కకు పెడుతవా, నన్ను గీడనే చావుమంటవా?" అని అరిచాను. అప్పుడు గాని చాట కిందికి దిగలేదు.

జగిత్యాల దవాఖానలో కాన్పుల డాక్టరమ్మ స్కానింగ్ చేయించింది. అపెండిక్స్ వాచిందట. గర్భసంచి పెరిగేకొద్దీ అది పైకి జరుగుతుందట, అందుకే నా నొప్పి అందరికీ వచ్చే చోట కాకుండా కొంచెం పైన ఉందట. ఆ రోజే ఆపరేషన్ అంది.

"కడుపుతోని ఉన్నది గద మేడం, కాన్పయ్యేదాంక ఆగరాదా?" అంది అమ్మ.

"కడుపుతోని ఉన్నందుకే ఆగొద్దమ్మా. లోపల పగిలితే కడుపుల ఉన్నదానికే ఎక్కువ ముప్పు." డాక్టరమ్మ చిన్న మిషను నా పొట్ట మీద పెట్టి గుండె చప్పుడు విన్నది. "ఇప్పుడైతే మంచిగుంది. ఆపరేషన్ అయినంక సాయంత్రం మళ్ళ విందాం."

ఆ 'ఇప్పుడైతే' నా చెవిలో ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

వెన్నులో సూది ఇచ్చి నడుము కింద మొద్దుబార్చారు. కొంచెం ఎడమ పక్కకు ఒరిగించి పడుకోబెట్టారు. నాకు మెలకువగానే ఉంది. తెర అవతల ఎవరో ఏదో లాగుతున్నట్టు తెలుస్తోంది గాని నొప్పి లేదు. ఒకదానికి బదులు ఇంకొకటి తీస్తారేమోనని మాత్రం ఒకటే భయం.

"సార్, తీసేది అపెండిక్సే గద?" అని అడిగాను.

"గదేనమ్మా," అన్నాడు ఆపరేషన్ చేస్తున్న డాక్టరు. రెండోసారి అడిగితే సిస్టర్‌ను కత్తెర అడిగాడు.

నన్ను మంచం మీదికి మార్చగానే అమ్మ సిరిసిల్లకు, మా అత్తమ్మకు ఫోన్ చేసింది. అత్తమ్మ ఇంట్లో నాలుగు సాంచెలున్నాయి. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచెలంటారు. అవి ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. అందుకే అత్తమ్మ ఎవరి మాటైనా సగం వింటుంది, మిగతా సగం తానే కల్పించుకుంటుంది. అమ్మ వార్డంతా అదిరేటట్టు అరిచింది.

"వదినే! అపెండిక్స్ అచ్చిందట! ఆపరేషన్ చేసి తీసిండ్రు! బిడ్డ మంచిగనే ఉన్నది!"

అపెండిక్స్ అన్న మాటను సాంచెలు మింగేశాయి. కడుపుతో ఉన్నదానికి 'ఆపరేషన్ చేసి తీసిండ్రు' అంటే మా దగ్గర అర్థం ఒక్కటే. ఇక బిడ్డ అంటే మా దగ్గర ఆడపిల్ల. అమ్మ లెక్కలో అది నేను. అత్తమ్మ లెక్కలో ఐదు నెలలకే పుట్టిన మనవరాలు.

మధ్యాహ్నం దాటాక మస్కట్ నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. అత్తమ్మ అప్పటికే ఆయనకు వార్త చేరవేసిందట.

"ఎంత ఉన్నది?"

నా అపెండిక్స్ మీద మనిషికి ఎంత పట్టింపు అని ముచ్చటేసింది. "చిటికెన వేలంత ఉన్నదట. మొత్తం వాచిపోయింది. సీసల పెట్టి పరీక్షకు పంపిండ్రు," అన్నాను.

అటునుంచి ఆయన బావురుమన్నాడు. అక్కడ ఆయన గదిలో ఉండేవాళ్ళు "ఏమైందిరా, ఏమైందిరా" అనడం కూడా వినపడింది. అసలు సంగతి విప్పి చెప్పేసరికి నాకు నవ్వు ఆగలేదు, నవ్వితే కుట్లు లాగుతున్నాయి. ఆ కోపం కూడా ఆయన మీదే చూపించాను.

"మరి అమ్మ సంచి నిండ సామాను పట్టుకోని మీ ఫోన్ రాంగనే బయలెల్లిందాయె. ఇంక రాలేదా?" అన్నాడు.

అత్తమ్మ సాయంత్రానికి వచ్చింది. సంచిలో బాలింతకు పెట్టే ఎల్లిగడ్డ కారం, ఉతికి మడిచిన మెత్తటి పాత చీరలు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. దుప్పటి కింద ఎత్తుగా ఉన్న నా పొట్టను చూసి ఆగిపోయింది.

"గిదేంది? ఇంక గీడనే ఉన్నదా?"

"ఉండక యాడికి పోతది? తీసింది అపెండిక్స్ అత్తమ్మా!"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. అత్తమ్మ నవ్వలేదు. "మరి మీది అంతస్తుల నేను చూసిందెవల్ని?" అంది.

అంతలో డాక్టరమ్మ వచ్చింది. నా పొట్ట మీద మిషను పెట్టింది. గరగర తప్ప ఏమీ లేదు. కొంచెం జరిపింది. మళ్ళీ గరగరే. మొక్కుకుందామంటే నాకు ఒక్క దేవుడి పేరూ గుర్తు రాలేదు. ఇంకొంచెం కిందికి జరిపేసరికి దడదడమని చప్పుడు వార్డంతా నిండింది.

"సాంచె," అంది అత్తమ్మ. "మంచిగ ఆడుతున్నది సాంచె."

నేను భోరుమని ఏడ్చాను. ఆమె మంచం పట్టె మీద కూలబడి అప్పుడు చెప్పింది. రాగానే పై అంతస్తులో పసిపిల్లల వార్డుకు పోయిందట. "కోరుట్లామెకు ఆపరేషన్ చేసి తీసిన పిల్ల ఏది?" అని అడిగిందట. ఆ రోజు అలాంటి కోరుట్లామె ఇంకొకామె కూడా ఉంది. సిస్టర్ అద్దాల పెట్టెలో పిల్లను చూపించింది.

"పిడికెడంత ఉన్నది. రెండు గంటలు అద్దం కాడ నిలవడి మొక్కిన. తెచ్చిన టోపి గూడ సిస్టర్ చేతికిచ్చిన."

"టోపి అడిగి తెచ్చుకుందాం తీ వదినే," అంది అమ్మ.

"టోపి ఎందుకు? నా మొక్కు సగంల ఉన్నది," అని అత్తమ్మ లేచి మళ్ళీ మెట్లెక్కింది. నాలుగేళ్ళుగా ఆమె మీద దాచుకున్న కోపాలను ఆ సాయంత్రం వెతికితే నాకు ఒక్కటీ దొరకలేదు.

నేను అక్కడున్నన్ని రోజులూ అత్తమ్మ పొద్దున, సాయంత్రం పైకి పోయి వచ్చింది. తర్వాత కూడా ఫోన్లు చేసి, ఆ పిల్ల ఇంటికి చేరేదాకా ఊరుకోలేదు.

మాది నెలలు నిండాకే, ఏ ఆపరేషనూ లేకుండా పుట్టింది. ఈసారి అమ్మ ముందు సాంచెలు బందు పెట్టించి, ఆ తర్వాతే సంగతి చెప్పింది. అత్తమ్మ వాడంతా చక్కెర పంచుతూ రెండో మనవరాలు పుట్టిందని చెప్పిందట.

"రెండోదేంది? మీకు మొదటిదేది?" అని అడిగారట వాడలో వాళ్ళు.

"కోరుట్లల ఉన్నది," అందట.