అచ్చుకు ముందు అడగవలసిన మాట

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే తీసిన కాగితాలకు ఒక వేడి ఉంటుంది, కాస్త మాడిన వాసన కూడా ఉంటుంది. మొన్న సోమవారం మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్ ఒకమ్మాయి అలాంటి కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, జర్నల్‌కి పంపేముందు ఒకసారి చూసిపెట్టమంది. విద్యార్థులకు చదువు విషయంలో సలహా చెప్పే పని మీద రాసిన వ్యాసం. చేతికి ఆ వేడి తగిలి, ముక్కుకు ఆ వాసన సోకేసరికి, చూడవలసింది చూడకుండా ఏడెనిమిదేళ్ళు వెనక్కి పోయాను. ఎదురుగా ఆండాళు మేడం, చేతిలో నా కాగితాలు, చివాట్లు తినడానికి సిద్ధంగా నేను.

మా కాలేజీ సికింద్రాబాద్ స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటుంది. అందులో మెట్ల కింద ఒక గది. బోర్డు మీద విద్యార్థి సలహా కేంద్రం అని రాసి ఉన్నా ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. అందరికీ అది ఆండాళు మేడం రూమే. ఏ గ్రూపు తీసుకోవాలి, తప్పిన సబ్జెక్టులు ఎప్పుడు రాయాలి, అటెండెన్స్ తగ్గింది ఏం చేయాలి, నాన్న ఒకటి చదవమంటున్నాడు నాకు ఇంకొకటి ఇష్టం... ఇలాంటి చిక్కులన్నీ ఆ గదికే వచ్చేవి. ఆవిడ సీతాఫల్‌మండిలో పుట్టి అక్కడే పెరిగిన మనిషి. మా పరీక్షల విభాగంలో టైపిస్టుగా చేరి, ఏళ్ళ తరబడి పిల్లల బాధలు విని విని, చివరికి ఆ గదికి ఇన్‌ఛార్జి అయ్యారు. పీహెచ్‌డీ లేదు. ప్రిన్సిపాల్‌తో మాట్లాడినా ఆయాతో మాట్లాడినా అదే భాష, అదే గొంతు. నేనేమో కృష్ణా జిల్లా నుంచి వచ్చి సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్న వాళ్ళ పిల్లని, రెండు పీజీలు చేసి ముక్కు మీద కోపం పెట్టుకుని తిరిగేదాన్ని. ఈవిడ దగ్గర నేను నేర్చుకునేదేముంటుందిలే అని మొదటి వారంలోనే తీర్మానించేసుకున్నాను. ఎంత పొగరో చూడండి.

ఆ గదిలో నాది కాంట్రాక్టు ఉద్యోగం. జూన్‌లో కొత్త కాగితం మీద సంతకం పెట్టేదాకా ఉద్యోగం ఉందో ఊడిందో తెలియదు. ఆరేళ్ళు అలా గడిచాక మేనేజ్‌మెంట్ ఒక మాట చెప్పింది. మా పనికి ఒక పర్మనెంట్ పోస్టు ఇస్తారట. విద్యా సంవత్సరం ముగిసేలోగా, మా వృత్తికి సంబంధించిన జర్నల్‌లో ఎవరి వ్యాసం అంగీకారం పొందితే వారికే అది. నేనూ, పక్క బ్లాకులో నాలాంటి ఇంకొకాయనా, ఇద్దరమే పోటీ. ఆ పోస్టు నాకు రావాలి. రాకపోతే చచ్చినంత పని అనుకున్నాను. ఆ రోజే రాయడం మొదలుపెట్టాను.

మొదటి వ్యాసం నిండా పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు. రాసినంతసేపూ నా తెలివికి నేనే మురిసిపోయాను. నెల తిరక్కుండానే వెనక్కొచ్చింది. ఇంత వ్యాసంలో ఒక్క విద్యార్థి కూడా కనబడలేదని జర్నల్ తరఫున చదివి చూసినవారు రాశారు. ఒళ్ళు మండిపోయింది. అప్పుడే మేడం తన పద్ధతి నా మీద ప్రయోగించారు. మా గదిలోంచి ఏ ఉత్తరం బయటికి వెళ్ళాలన్నా, సాయంత్రం నాలుగింటి టీ దగ్గర దాన్ని తెలుగులో మా ఆయా పోచమ్మకు చదివి వినిపించాలి. పోచమ్మకు అర్థంకానిది పిల్లల తల్లిదండ్రులకూ అర్థం కాదని ఆవిడ లెక్క. నేను రాసింది ఉత్తరం కాదు, పండితులు చదివే వ్యాసం అన్నాను.

"చదువుకున్నోళ్ళు సుత మనుషులే గదా. చదువు" అన్నారు మేడం.

రెండు వాక్యాలు ఎలాగో తెలుగులో చెప్పాను. మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను. దానికి తెలుగు దొరక్క కాదు, అసలు అందులో ఏం రాశానో నాకే తెలియలేదు. పోచమ్మ పాపం కాసేపు మర్యాదకు కూర్చుని, గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది. తల కొట్టేసినట్టయింది.

ఆ కోపంతోనే ఇంకో వ్యాసం రాశాను. ఈసారి ఒక విద్యార్థిని గురించి. చదువు మానేస్తానని మా గదికి వచ్చి, ఏడ్చి, నాలుగైదు నెలలు మళ్ళీ మళ్ళీ వచ్చి, చివరికి డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయి. ఆమె కథ ఇక్కడ ఇంతకన్నా చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. ఆమెది బొల్లారం అని రాస్తున్నాను గానీ అది బొల్లారం కాదు. ఈ కాస్త చెప్పడానికి కూడా ఆమెను అడిగే చెబుతున్నాను. జర్నల్ వారు ఆ వ్యాసం తీసుకుంటామన్నారు. చిన్న చిన్న సవరణలు చేసి పది రోజుల్లో పంపమన్నారు, ఆ అమ్మాయి కథే వ్యాసానికి ప్రాణమన్నారు. నాకు ఏనుగెక్కినంత సంబరం. ఇంకేముంది, పోస్టు నాదే. బేకరీ నుంచి బిస్కెట్లు తెప్పించి, నాలుగింటికి నేనే వ్యాసం తీసి చదవడం మొదలుపెట్టాను. అమ్మాయి పేరు మార్చానని ముందే గొప్పగా చెప్పాను కూడా.

సగం చదివానో లేదో పోచమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టింది. "గీ పిల్ల బొల్లారం కెల్లి వస్తుండె గదా మేడం, గా పిల్లనే. ఆమె నాయన సుత ఒక్కపారి వచ్చి ఈడ్నే కూసున్నడు" అంది. ఎంతో ప్రేమగా అంది. ఆ పిల్ల బాగుందా అని కూడా అడిగింది.

మేడం పోచమ్మ వెళ్ళేదాకా ఆగారు. తర్వాత నా వైపు తిరిగి, "పేరు మార్చినవ్, పిల్లను మార్చలే. ఆమెను అడిగినవా?" అన్నారు.

అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. ఆ జర్నల్ ఇక్కడ ఎవరు చూస్తారన్నాను. ఆమెకు మంచే జరిగింది కదా అన్నాను. ఇంకా పది రోజులే గడువుందనీ, ఆరేళ్ళుగా ప్రతి వేసవీ నిద్ర లేకుండా గడుపుతున్నాననీ గొంతు పెంచి మరీ అన్నాను. ఆవిడ అంతా విన్నారు.

"నీ నౌకరి నీకు పెద్దదే, కాదంటలేను. గీ రూంల చెప్పుకున్నది గీ రూంలనే ఉండాలె. పంపుతవా లేదా అన్నది నీ చేతుల ఉంది, నేనైతే అడ్డం రాను" అన్నారు.

అడ్డుపడి ఉంటే పోట్లాడి పంపేసేదాన్నేమో. అడ్డం రాననేసరికి కుడితిలో పడ్డ ఎలుకలా అయిపోయింది నా పని. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు ఆదివారం, బస్సెక్కి ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. నన్ను చూసి ఎంత సంతోషించిందో! టీ పెట్టింది, ఉద్యోగం గురించి చెప్పింది. నేను వ్యాసం సంగతి చెప్పాను. ఆమె ముఖంలో నవ్వు మెల్లగా పోయింది.

"మీరు మంచోళ్ళని చెప్పిన మేడం. రాస్తరని చెప్పలే" అంది.

అంతే. కోప్పడలేదు. నేను ఇంకొక్క మాట అడిగితే మొహమాటానికి ఒప్పుకునేదని నాకు అర్థమైంది. అడగలేదు. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే. మర్నాడు వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు జర్నల్‌కి రాసేశాను. పోస్టు పక్క బ్లాకు ఆయనకు వచ్చింది. ఆయన స్వీటు డబ్బా పట్టుకుని మా గదికే వచ్చాడు. నవ్వుతూ ఒకటి తీసుకుని, ఆయన వెళ్ళగానే బల్ల మీద తల పెట్టి ఏడ్చాను.

మేడం ఓదారుస్తారనుకున్నాను. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఏడుపు అయ్యాక చెప్పు, మళ్ళీ షురూ చేద్దాం అన్నారు. ఇంకేం రాస్తాను మేడం, ఎవరి గురించి రాసినా వాళ్ళను అడగాలిగా అన్నాను ఉక్రోషంగా.

"నువ్వు చేసిన తప్పు రాయి. దానికైతే ఎవ్వరి పర్మిషన్ అక్కర్లే" అన్నారు.

అలా మొదలైంది. సలహా చెప్పేవాళ్ళు తాము విన్న కథను తమ సొంతం అనుకోవడం ఎంత సులువో రాశాను. ఆ అమ్మాయి గురించి ఒక్క వివరమూ లేదు. ఉన్నదంతా నా తొందర, నా అతితెలివి. ఒక జర్నల్ వద్దంది. ఇంకొకటి ఎనిమిది నెలలు కూర్చోబెట్టి వద్దంది. మేడంకి ఒక నియమం. వ్యాసం తిరిగొచ్చిన రోజే మళ్ళీ కూర్చోవాలి. బాధ పడాలంటే రాత పని చేస్తూ పడాలి. ఎన్నిసార్లు లోపల్లోపల తిట్టుకున్నానో! తిట్టుకుంటూనే తిరగరాశాను. పోచమ్మ మొదటి పేరా కంఠతా చెప్పేసేది. ఈలోగా మేడం రిటైరయ్యారు, ఆవిడ పోస్టుకూ మేనేజ్‌మెంట్ అదే షరతు పెట్టింది. ఆ తర్వాత మూడో జర్నల్ వారు ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి, నాలుగుసార్లు దిద్దించి, ఆఖరికి అచ్చువేశారు. ఆ జూన్‌లో నేను సంతకం పెట్టిన కాగితం మీద గడువు తేదీ లేదు.

జర్నల్ పట్టుకుని సీతాఫల్‌మండి వాళ్ళింటికి పరుగెత్తాను. మేడం చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. కళ్ళద్దాలు కూడా పెట్టుకోకుండా, నువ్వే చదువు, తెలుగుల అన్నారు. చదివాను. నా తప్పు దగ్గర తలాడించారు. తర్వాత ఆవిడ గొప్పతనం గురించి రాసిన భాగం వచ్చింది. మా గదిలో డిగ్రీల బరువు లేని ఒక పెద్దావిడ ఉండేవారనీ, నన్ను ఆపకుండానే ఆపారనీ ఎంతో భక్తిగా రాసుకున్నాను. అది వింటుండగా చిక్కుడుకాయల మీద చేతులు ఆగాయి.

"మంచిగ రాసినవ్ బిడ్డా. నన్ను అడిగినవా?" అన్నారు.

అడగకుండా రాయడం తప్పని పన్నెండు పేజీలు రాసినదాన్ని, ఆ పన్నెండు పేజీల్లోనే ఆవిడను అడగకుండా రాశాను. పొగుడుతున్నాను కదా, పొగడ్తకు అడగడమేమిటి అనుకున్నాను కాబోలు. ఆవిడ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నాకు సిగ్గుతో భూమిలోకి కుంగిపోవాలనిపించింది. నవ్వు ఆపాక, మంచి చెప్పినా అది నాదే కదా బిడ్డా అని మెత్తగా అని, చిక్కుడుకాయలు నా ముందుకు తోశారు. ఇద్దరం కూర్చుని తుంచాం.

ఇప్పుడు ఆ గది నా చేతిలో ఉంది. కొత్తవాళ్ళు వ్యాసాలు తెస్తే అందులో ఉన్నవాళ్ళను అడిగారా లేదా అన్నదే మొదట చూస్తాను. కొందరు విసుక్కుంటారు, ఒకరిద్దరు నా దగ్గరికి రావడమే మానేశారు. మానేయనీ. ఆ ఒక్క విషయంలో నేను తగ్గను.

ఇది అచ్చుకు పంపే ముందు కూడా సీతాఫల్‌మండి వెళ్ళాను. మేడం మొత్తం చదివించుకున్నారు. ఆండాళు అన్న పేరు ఆవిడే ఎంచుకున్నారు. మీరు చదివిన సంగతులన్నీ ఉండనీయమని, రెండు సంగతులు మాత్రం తీసేయమన్నారు. ఆ రెండూ మా కాలేజీ విద్యార్థులు ఇద్దరి కోసం ఆవిడ చేసిన పనులు. నేను ఊరుకోలేదు, వాదించాను. అవి లేకపోతే మీరేమిటో చదివేవాళ్ళకు ఎలా తెలుస్తుంది మేడం అన్నాను.

"తెల్వకుంటే ఏమైతది?" అన్నారు.

ఆవిడ ఎదుటే ఆ రెండూ పెన్నుతో కొట్టేశాను. ఆవిడ గురించి నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే గొప్పవి ఆ రెండే.