వెనకగా వచ్చిన కోడి

నిన్న కోరుట్లలో ఒక ఇంటి ముందు బోర్లించిన గంప, దాని మీద రాయి కనిపించాయి. అక్కడే నిలబడిపోయాను. మీ ఇళ్లల్లోనూ ఉండేది కదా, కోళ్లను కమ్మే గంప? పొద్దున ఎత్తగానే మొహానికి కొట్టే ఆ వెచ్చటి రెట్టల వాసన గుర్తుందా?

సారంగాపూర్‌లో మా నాయినమ్మ గంప ఎత్తగానే నూకలు చల్లేది కాదు. ముందు నిలబడి చూసేది. అన్నిటికన్నా వెనకగా వచ్చే కోడి మీదే ఆమె కన్ను. అది రెక్కలు వాల్చి, పచ్చగా రెట్ట వేస్తే వేరే గంప కింద పెట్టేది. మెడ వంకర తిరగడం మొదలైతే కోసేసి, దూరంగా గొయ్యి తీసి పూడ్చి, పైన సున్నం చల్లేది. కూర మాత్రం వండేది కాదు.

ఒకసారి అలా పోయింది నా చేతిలో నూకలు తినే ఎర్ర పెట్ట. నేను ఒకటే ఏడుపు.

"ఏడ్వకు బిడ్డా. జాలిపడి గీదాన్ని మందల ఉంచితే, రేపు పొద్దుగాల ఒక్కటి గూడ బయటికి రాదు," అంది.

కరోనా వచ్చిన ఏడు, ఒక పొద్దున నాయినమ్మ అందరికన్నా ఆలస్యంగా లేచింది. దగ్గింది. ఎవరూ ఏమీ అనకముందే తన మంచాన్ని తానే పశువుల కొట్టంలోకి ఈడ్చుకుపోయింది.

"ఆడనే ఉండు బిడ్డా, దగ్గరికి రాకు."

చాయ్ గ్లాసు గడప మీద పెట్టి వెనక్కి వచ్చేశాను. ఏడుపు రాలేదు.

ఆమెను పూడ్చిన చోట కూడా సున్నం చల్లారు.