దొరసాని డిప్ప మీద అతుకు

మా వీధి చివరింట్లో ఉండే ఆయన్ని అందరూ సొట్టల మేస్త్రి అంటారు. ముప్పై ఏళ్ళు కార్ల షెడ్డులో సొట్టలు తీసి, లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, రంగు కొట్టిన చెయ్యి అది. ఆయన బాగుచేసిన కారు చుట్టూ యజమాని మూడుసార్లు తిరిగినా దెబ్బ ఎక్కడ తగిలిందో పట్టుకోలేకపోయేవాడట. ఆ మాట ఎవరైనా అంటే మేస్త్రి నవ్వడు. తల కొంచెం పక్కకి వంచుతాడు, అంతే.

ఆయన ఇంట్లో మూడు తాబేళ్ళు ఉన్నాయి. మూడూ ఎవరో సరదాపడి పెంచి, దెబ్బ తగిలాక వదిలించుకున్నవే. వాటిలో పెద్దాయన మేడ మీంచి పడ్డాడు. వీపు మీద పగులు మానింది గాని నడక ఒక పక్కకి ఒరుగుతుంది. అందుకని గడపకి రెండువైపులా చెక్కతో వాలు కట్టాడు మేస్త్రి. చిట్టిదాని డిప్ప అంచుని కుక్క నమిలేసింది. ఆ వంకరల్లో మట్టి చేరకుండా రోజూ మెత్తని పళ్ళ బ్రష్షుతో తోముతాడు. అందరికంటే ముందొచ్చింది దొరసాని. గేటు కింద పడి నలిగినదాన్ని ఎవరో సంచిలో వేసుకుని షెడ్డుకి తెచ్చారు, ఎనిమిదేళ్ళ కిందట.

వెనక గదిలో వాటికి వెచ్చటి దీపం, ఎండుగడ్డి, నీళ్ళ పళ్ళెం. ఆదివారం ఆదివారం వంటింటి తక్కెడలో ఒక్కొక్కదాన్నీ కూర్చోబెట్టి, బరువు తలుపు వెనక సుద్దముక్కతో రాస్తాడు.

"నన్నెప్పుడైనా ఇంత శ్రద్ధగా చూశారా?" అని భార్య దెప్పుతుంది.

"నువ్వు ఆ తక్కెడలో పట్టవు కదే!"

మొన్న వేసవిలో ఆ తలుపు మీద దొరసాని అంకె తగ్గడం మొదలుపెట్టింది. మూడు వారాలు వరసగా తగ్గింది. ఆకు ముందు పెడితే మొహం తిప్పుకునేది. నాలుగో వారం కళ్ళు తెరవడం కూడా మానేసింది. భార్యాభర్తలిద్దరూ దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరితే, తోడుగా నేనూ వెళ్ళాను.

డాక్టరమ్మ మేస్త్రికి కూతురి వయసుది. దొరసానిని బల్ల మీద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాబాయ్, దీని డిప్ప చూడండి, ఎంత చక్కగా ఉందో! మీ మిగతా రెండింటిలా కాదు. జబ్బు లోపలెక్కడో ఉండాలి. ముందు ఊపిరితిత్తులు చూద్దాం" అంది.

మేస్త్రి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. భార్య ఆయన మొహంలోకి చూడకుండా గోడ మీది గడియారం వైపు చూసింది. ఆ క్షణాన ఆయన నోరు మెదపకపోయినా అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

"అది డిప్ప కాదమ్మా" అన్నాడు. "నా లప్పం."

ఆమెకి అర్థం కాలేదు. వీపు మధ్య గోరుతో గీకింది. "ఇదంతా... రంగా?"

"నాలుగు రంగులు కలిపాను. గీతలు సన్న కుంచెతో వేశాను. అప్పట్లో సొట్ట అంటే సొట్టే అనుకున్నానమ్మా. పూడ్చేస్తే పోతుందనుకున్నా."

"తప్పని తర్వాతైనా తెలియలేదా?"

"తెలిసింది. చిట్టిదాన్ని తెచ్చుకున్నప్పుడు జంతువుల ఆశ్రమం ఆవిడ చెప్పింది. ఇది రేకు కాదు, ఎముక, దీనికి నొప్పి తెలుస్తుంది, దీని మీద ఏదీ అతికించకూడదు అని. అది నాలుగేళ్ళ కిందటి మాట. బాగానే తింటోంది కదా అని ఊరుకున్నాను. కాదులే. చెప్పుకోలేక ఊరుకున్నాను."

డాక్టరమ్మ తిట్టలేదు. "ఎన్ని పొరలు?" అని మాత్రం అడిగింది.

"నడుమ మూడు, అంచుల్లో ఒకటి. అడుగున ఫైబరు గుడ్డ."

నొప్పి తెలియకుండా సూది వేశాక, పై రెండు పొరలు ఆయన్నే తీయమంది. ఆ సరుకు ఎక్కడ గట్టిదో ఎక్కడ పలచనో ఆమెకేం తెలుసు? మేస్త్రి సన్న ఆకురాయితో, ఊపిరి బిగబట్టి, తన పనితనాన్ని తానే పొడిపొడిగా రాల్చాడు. చెయ్యి ఒక్కసారి కూడా జారలేదు. చివరి పొర డాక్టరమ్మ ఎత్తింది. గది నిండా కుళ్ళు వాసన. అడుగున ఎముక నల్లగా, మెత్తగా ఉంది. భార్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం తల తిప్పుకోకుండా, కళ్ళార్పకుండా చూశాడు.

"బతుకుతుందని మాటివ్వలేను, బాబాయ్."

"నా చేతిలో ఉన్నదేదో చెప్పమ్మా, చేస్తా."

చేశాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పుండు ఉప్పునీళ్ళతో కడగడం, మందు పూయడం, కట్టు మార్చడం. ఈగ వాలకుండా బుట్ట మీద దోమతెర. వారానికి రెండుసార్లు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆమె గొట్టంతో తిండి పట్టేది. అలా పదకొండు వారాలు. నడుమ ఒకరోజు చచ్చిన ఎముక గోరంత ముక్క ఊడివస్తే, దాన్ని అరచేతిలో పెట్టుకుని నాకు చూపించాడు. పుండు అడుగున లేతగా, తడి సుద్దలా కొత్తది కనిపిస్తోంది.

నేను మెచ్చుకునేది ఆ ఓపికని ఒక్కదాన్నే కాదు. పాత షెడ్డువాళ్ళు పలకరించడానికి వచ్చి "ఏమైందన్నా?" అంటే, జబ్బు చేసిందని చెప్పి తప్పించుకోవచ్చు. ఆయన కట్టు విప్పే వేళ వాళ్ళని దగ్గరికి పిలిచి, "నేనే పాడుచేశాను. చూడండి, ఎలా పాడైందో" అని చూపించేవాడు. జీవితంలో నేను చాలా పుస్తకాలు చదివాను గాని, తప్పుని అంత మామూలు గొంతుతో ఒప్పుకున్న మనుషుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

పన్నెండో వారంలో ఒక పొద్దున నేను వాళ్ళ గడప దగ్గర చెప్పులు విప్పుతున్నాను. మేస్త్రి నేల మీద బాసింపట్టు వేసుకుని, రోజూలాగే మందారాకు దొరసాని మూతికి రాస్తూ, "తినవే తల్లీ, ఒక్క ముక్క" అని బతిమాలుతున్నాడు. ఉన్నట్టుండి కెవ్వుమన్నాడు.

"ఏమే! కొరికిందే! నన్ను కొరికింది!"

వంటింట్లోంచి భార్య కంగారుగా అడిగింది. "అయ్యో, రక్తం వచ్చిందా?"

"వచ్చింది, వచ్చింది!" అన్నాడు, బహుమతి గెలిచినవాడిలా వేలు పైకెత్తి. రెండో చేతిలో ఆకు సగమే మిగిలింది.